మూడవ సాలార్‌జంగ్ – పింగాణీ సంపద

పింగాణీ అనగానే మన పల్లెసీమలలో ముందుగా తలపునకు వచ్చేది ఊరగాయ జాడీ. ముస్లిం గృహాలలో ఐతే పండుగనాడు దస్తర్‌ఖాన్ మీద పరచే తెల్లని రికాబీలు, షీర్‌ఖుర్మా పోసి ఇచ్చే ప్యాలాలు తలపునకు వస్తాయి. ఈ పింగాణీ అనే మాట సైతం మన రెండు భాషల చెలిమికి గుర్తు. గిన్నె అనే అర్థం గల పారశీక పదం ఉర్దూ వాడుక మీదుగా తెలుగింటిలో ప్రవేశించి, తెలుగు మాటయే అన్నంతగా స్థిరపడిపోయింది. బేస్తవారిపేటలోనైనా, కంభంలోనైనా నేడు ఏ అంగడిలో అడిగినా కొద్ది రూపాయలకే లభించే ఈ వస్తువు ఒకప్పుడు బంగారంతో సమానంగా తూగేదనీ, దీని తయారీ రహస్యం కోసం రాజులు మనుషులను చెరలో ఉంచారనీ చెబితే నమ్మడం కష్టం. అటువంటి పింగాణీని, ముఖ్యంగా ఐరోపాఖండపు మేలిరకాల పింగాణీని, జీవితకాలమంతా వెదకి కూర్చిన మహనీయుడొకరు హైదరాబాదులో జీవించారు. వారే మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధి చెందిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. వారి పేరిట వెలసిన ప్రదర్శనశాల పేరు వినని విద్యార్థి ఉండడు. కాని ఆ పేరు వెనుక ఉన్న జీవితాన్ని ఎరిగినవారు తక్కువ. తన కోసం ఒక ప్రభువు కూర్చుకొన్న సొత్తు ఎవరి సొత్తుగా పరిణమించినదో విచారించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముందుగా వారి వంశాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనవలసి ఉన్నది. ఆ వంశ చరిత్రకు మన ప్రాంతంతో కూడా ఒక దూరపు సంబంధం లేకపోలేదు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల అనంతరం 1792లోను, 1799లోను కుదిరిన ఒప్పందాల ద్వారా నిజాం ప్రభువునకు విశాలమైన భూభాగాలు సంక్రమించాయి. వాటిని ఆయన 1800లో ఆంగ్ల కుంఫిణీకి అప్పగించవలసి వచ్చింది. దత్తమండలాలని మనం చదువుకొనే సీమ అదే. కంభం ప్రాంతం కూడ అందులోనిదే. ఆ యుద్ధాలలోను, సంధి వ్యవహారాలలోను నిజాం పక్షాన ప్రముఖపాత్ర వహించిన రాజనీతిజ్ఞుడు మీర్ ఆలం. తరువాత ఆయన 1804 నుండి 1808 వరకు దివానుగా ఉన్నారు. ఆయన అల్లుడు మునీరుల్‌ముల్క్ కూడ దివాను పదవిని అధిష్ఠించారు. మునీరుల్‌ముల్క్ మనుమడే హైదరాబాదు చరిత్రలో సుప్రసిద్ధుడైన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్. ఇరవైనాలుగేండ్ల ప్రాయంలో 1853లో దివాను పదవిని చేపట్టి, 1883లో కన్నుమూసే వరకు ముప్పది సంవత్సరాలు సంస్థానాన్ని నడిపిన దక్షుడు ఆయన. 1876లో ఐరోపా పర్యటనకు వెళ్ళినప్పుడు రోమునగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని కొని తెచ్చినది ఆయనే. ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీఖాన్ రెండవ సాలార్‌జంగ్. 1884 నుండి 1887 వరకు ఆయన దివానుగా పనిచేశారు. ఈ విధంగా ఒక శతాబ్దానికి పైగా హైదరాబాదు రాజ్యపు తాళపుచేతులు తరచుగా ఈ ఇంటివారి చేతనే ఉండేవి.

ఇటువంటి ఇంటిలో మూడవ సాలార్‌జంగ్ 1889 జూన్ 13వ తేదీన పూనా నగరంలో జన్మించారు. సంపదకు కొదువలేదు, కీర్తికి లోటులేదు. కాని బిడ్డ పుట్టి నెల నిండకముందే, ఆ జూలై మాసంలో, తండ్రి కాలధర్మం చెందారు. తండ్రి ముఖమైనా ఎరుగని ఆ శిశువు అంత పెద్ద జాగీరుకు ఏకైక వారసుడైనాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ బాలుని యెడ ఆదరం చూపి, వంశపరంపరగా వచ్చే బిరుదులను అనుగ్రహించారు. జాగీరు వ్యవహారాలను ప్రభుత్వపు పర్యవేక్షణలో ఉంచారు. ఉర్దూ, పారశీకం, ఆంగ్లం నేర్చి, కులీనులకు తగిన విద్యాబుద్ధులతో ఆయన పెరిగారు. ఆయన పెరిగిన ఇల్లు మూసీనదికి దక్షిణాన పాతనగరంలో ఉండిన దివాన్ దేవిడీ. అది ఒక మేడ కాదు, మేడల సముదాయం. ఆ సముదాయంలో అద్దాలతో అలంకరించిన ఆయినాఖానా ఉండేది. గోడల నిండా పింగాణీ పళ్ళేలు, గిన్నెలు పొదిగి అలంకరించిన చీనీఖానా ఉండేది. ఇతర బాలురు బొమ్మలతో ఆడుకొనే వయసులో ఆయన కన్నులు ఈ గోడలను చూచాయి. పింగాణీ మీది అభిరుచికి అంకురం అక్కడనే పడినదని మేము భావిస్తున్నాము.

1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సింహాసనమెక్కారు. మరుసటి ఏడే, 1912లో, మహారాజా కిషన్ ప్రసాద్ స్థానంలో ఇరవైమూడేండ్ల యూసుఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించారు. తాతగారు అలంకరించిన పీఠాన్ని దాదాపు తాతగారి వయసులోనే మనుమడు అధిరోహించినందుకు నగరంలో ఎందరో సంతోషించి ఉంటారు. కాని కాలం మారింది. తాతగారి కాలంలో నిజాం బాలుడు, దివాను పెద్ద. మనుమని కాలంలో నిజాం తానే స్వయంగా పాలించదలచినవారు. దివాను కుర్రవాడు. 1914 చివరికి యూసుఫ్ అలీఖాన్ ఆ పదవి నుండి తప్పుకొన్నారు. ఆ తరువాత కొన్నేండ్లు దివాను లేకుండానే నిజాం ప్రభువు పాలన సాగించారు. సాలార్‌జంగ్ మరల ఏ రాజపదవినీ చేపట్టలేదు. ఆనాటికి ఆయన వయసు ఇరవై ఐదేండ్లు మాత్రమే.

విద్యార్థి మిత్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. ఇరవై ఐదేండ్ల వయసులో జీవితం అప్పుడే ఆరంభమవుతుంది. ఆ వయసులో అత్యున్నత పదవిని పొంది, పోగొట్టుకొని, ఇక ముందు పొందవలసినదేదీ లేని స్థితిలో నిలిచిన యువకునికి ఎన్ని అపమార్గాలు తెరచి ఉంటాయో ఊహించవచ్చు. ధనం ఉన్నది, అడిగేవారు లేరు, తీరిక ఉన్నది. పూర్వపు జాగీర్దార్లలో ఎందరో ఈ మూడింటి వలననే చెడిపోయారు. ఆయన వివాహం కూడా చేసుకొనలేదు. ఐతే ఆయన ఆ తీరికను వ్యర్థం చేయక, కళావస్తు సేకరణ అనే ఒకే ఒక వ్యాపకంలో జీవితశేషాన్ని వినియోగించారు. అది ఒకటి రెండేండ్ల ముచ్చట కాదు. సుమారు ముప్పది ఐదేండ్ల దీక్ష. వ్రాతప్రతులు, దంతపు పనులు, పచ్చరాతి పాత్రలు, గడియారాలు, చిత్రపటాలు, ఆయుధాలు, తివాచీలు మొదలుగా ఆయన చేరదీయని వస్తుజాతి అరుదు. దేశవిదేశాల వర్తకులు సరుకు పట్టుకొని దివాన్ దేవిడీ గడప ఎక్కేవారు. విదేశాలలోని విక్రయశాలల నుండి కూడ వస్తువులు వచ్చేవి. వాటిలో ఐరోపా పింగాణీ ఒక ముఖ్యమైన శాఖ.

ఆ శాఖ విలువ తెలియాలంటే పింగాణీ కథను కొంత తెలుసుకొనడం అవసరం. మొదట పింగాణీని కనుగొన్నవారు చీనా దేశీయులు. తెల్లని చీనామట్టినీ, ఫెల్డ్‌స్పార్ రాతిపొడినీ, పలుగురాతి పొడినీ తగుపాళ్ళలో కలిపి, సుమారు 1300 నుండి 1400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినప్పుడు మట్టి సగం గాజుగా మారుతుంది. అప్పుడది నీటిని పీల్చదు, వేలితో మీటితే గంటవలె మోగుతుంది, పలుచని అంచుగుండా వెలుగు కనిపిస్తుంది. మన కుమ్మరి ఆవములోని కుండ ఆ వేడిని ఎన్నడూ ఎరుగదు. మన దక్కను సుల్తానుల, నవాబుల ఇండ్లలో చీనా పింగాణీ ఏనాటి నుండియో గౌరవం పొందింది. ఘోరీ అని పిలిచే లేతాకుపచ్చ పళ్ళెంలో విషాన్నం వడ్డిస్తే పళ్ళెం పగులుననో, రంగు మారుననో ఒక విశ్వాసం ప్రబలంగా ఉండేది. అది శాస్త్రానికి నిలిచే మాట కాకపోయినా, కుట్రల నడుమ బ్రతికే ప్రభువులకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఐరోపావారికి ఈ పాత్రలు సముద్రమార్గాన వచ్చేవి గాని, తయారీ రహస్యం తెలిసేది కాదు. సాక్సనీ దేశాధిపతి అగస్టస్‌కు పింగాణీ అంటే వ్యామోహం. 1717లో ఆయన ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను ఇచ్చి 151 చీనా పాత్రలను పుచ్చుకొన్నాడంటే ఆ వ్యామోహం ఎంతటిదో తెలుస్తుంది. ఆయన వద్ద బాట్‌గర్ అనే యువకుడు బందీగా ఉండేవాడు. నీచలోహాలను బంగారం చేయగలనని ప్రగల్భాలు పలికి పట్టుబడిన రసవాది అతడు. చిర్న్‌హాస్ అనే పండితుని మార్గదర్శకత్వంలో అతడు మట్టులను, రాళ్ళను కాల్చి కాల్చి చివరకు 1708లో తెల్లని గట్టి పింగాణీని సాధించాడు. బంగారం రాలేదు గాని బంగారం వంటిది వచ్చింది. 1710లో డ్రెస్డెన్ సమీపంలోని మైసెన్‌లో కర్మాగారం వెలసింది. బాట్‌గర్ మాత్రం 1719లో, ముప్పది ఏడేండ్లకే మరణించాడు. ఆ కర్మాగారంలోనే 1737 నుండి 1741 వరకు బ్రూల్ అనే మంత్రి విందుబల్ల కోసం హంసల రూపాలతో రెండువేలకు పైగా పాత్రలు గల ఒక మహా సముదాయాన్ని చేశారు. ఒక్క మంత్రి ఇంటి భోజనానికి రెండువేల పాత్రలు!

రహస్యం ఎక్కువ కాలం దాగలేదు. 1718లో వియన్నాలో కర్మాగారం ఏర్పడింది. ఇటలీలో నేపుల్సు రాజు 1743లో కాపోడిమోంటే కార్ఖానాను స్థాపించారు. ఫ్రాన్సులో వాన్‌సెన్ కోటలో ఆరంభమైన పని 1756లో సెవర్ గ్రామానికి తరలి, 1759లో రాజుగారి సొంత కర్మాగారమైంది. నీలము, గులాబి, ఆకుపచ్చ వన్నెల మీద బంగారు రేకలతో వెలువడిన సెవర్ పాత్ర ఐరోపా రాచరికానికి చిహ్నంగా నిలిచింది. 1788లో టిప్పు సుల్తాను రాయబారులు పారిసు నగరానికి వెళ్ళినప్పుడు పదహారవ లూయీ రాజు వారికి సెవర్ పింగాణీనే కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడే ఫ్రాన్సులో విప్లవం చెలరేగి ఆ రాజు అధికారం అంతరించనారంభించింది. పదకొండేండ్లకు ఆ సుల్తాను కూడా శ్రీరంగపట్నంలో నేలకొరిగాడు. ఇచ్చినవాడూ పోయాడు, పుచ్చుకొన్నవాడూ పోయాడు. సెవర్ పేరు మాత్రం నిలిచింది.

ఆంగ్లదేశపు చరిత్ర మరొక విధం. అక్కడ ఈ పరిశ్రమను నడిపినది రాజులు కారు, వర్తకులు, కుమ్మరి కులజులు. వారిలో అగ్రగణ్యుడు జొసయ్యా వెడ్జ్‌వుడ్. 1730లో కుమ్మరి ఇంటిలో పుట్టి, బాల్యంలో మశూచికం సోకి కాలు చెడి, కుమ్మరిసారెను కాలితో త్రిప్పలేక, ఆ కారణం చేతనే మట్టుల మీద, మెరుగుల మీద ప్రయోగాలకు దిగాడు. 1768లో ఆ కాలిని తీసివేయవలసి వచ్చింది. మీగడ వన్నె గల ఆయన భోజనపాత్రలు సామాన్య గృహస్థుల బల్లల మీదికి వచ్చాయి. రష్యా మహారాణి కేథరిన్ కోసం 1774లో పూర్తిచేసిన 952 పాత్రల సముదాయం కూడ ఆయన చేతిదే. లేతనీలపు నేల మీద తెల్లని ఉబ్బెత్తు బొమ్మలు గల జాస్పర్ పాత్రలు ఆయనకు శాశ్వతకీర్తిని తెచ్చాయి. బానిసవ్యాపారాన్ని నిరసిస్తూ 1787లో సంకెళ్ళతో మోకరిల్లిన మనిషి రూపం గల బిళ్ళలను చేయించి పంచిపెట్టినవాడు కూడా ఆయనే. అనంతరకాలంలో ఎముకల బూడిదను మట్టిలో కలిపి చేసే బోన్ చైనా అనే రకం ఇంగ్లండు ప్రత్యేకతగా పేరుపొందింది.

ఈ పాత్రలన్నీ హైదరాబాదుకు ఎందుకు వచ్చాయి? అది ఒక యుగపు ఆచారాల మార్పు. నేలమీద దస్తర్‌ఖాన్ పరచి, చుట్టూ కూర్చుండి, ఒకే పళ్ళెం నుండి పంచుకొని భుజించడం మన ప్రాచ్య సంప్రదాయం. ఆంగ్ల రెసిడెంట్లూ, గవర్నర్లూ అతిథులుగా రాసాగిన తరువాత నవాబుల ఇండ్లలో పొడవైన బల్లలు, కుర్చీలు, సూపునకు ఒక పళ్ళెం, చేపకు ఒక పళ్ళెం, పండ్లకు ఒక పళ్ళెం వచ్చి చేరాయి. 1893లో పూర్తయిన ఫలక్‌నుమా సౌధంలో 101 మంది ఒకేసారి భుజించగల బల్ల ఉన్నది. విందు అనేది ఆకలి తీర్చడానికి గాక, హోదా చాటడానికి సాధనమైన కాలం అది. మూడవ సాలార్‌జంగ్ ఆ కాలంలోనే పెరిగారు. ఐతే ఆయనకూ తక్కిన కులీనులకూ ఒక భేదం ఉన్నది. తక్కినవారు తమ విందుబల్లకు సరిపడిన పాత్రలు కొన్నారు. ఆయన విందుబల్లకు ఎన్నడూ అవసరం లేనన్ని పాత్రలు కొన్నారు. డ్రెస్డెన్ బొమ్మలు, సెవర్ పళ్ళేలు, వియన్నా కప్పులు, కాపోడిమోంటే పాత్రలు, వెడ్జ్‌వుడ్, వూస్టర్, డెర్బీ, చెల్సీ, మింటన్ కార్ఖానాల సరుకు అంతా చేరింది. తినడానికి కాక, చూడడానికీ, పోల్చడానికీ, దాచడానికీ కొన్నారు. భోజనపాత్ర కళావస్తువుగా మారిన చోటు అదే.

ఆయన సేకరణలో లోపాలు లేవని మేము చెప్పబోము. ఆయన కళాచరిత్ర పండితుడు కారు. నచ్చినది కొన్నారు, ఉన్న ధనంతో విస్తారంగా కొన్నారు. అందుచేత పదునెనిమిదవ శతాబ్దపు మేలిముత్యాల ప్రక్కన పందొమ్మిదవ శతాబ్దపు అనుకరణలు కూడా చోటు చేసుకొన్నాయి. నిపుణులు కొందరు దీనిని ఆక్షేపిస్తారు. కాని ఒక్కొక్క వస్తువును విడిగా తూచినప్పుడు కనిపించే లోటు, అన్నింటినీ కలిపి చూచినప్పుడు గుణంగా మారుతుంది. రాజుల బల్ల మీది పాత్ర ఏదో, దానిని చూచి మధ్యతరగతివారి కోసం చేసిన పాత్ర ఏదో ఒకే చోట పోల్చుకొనే అవకాశం ఏరి ఏరి కొన్న సేకరణలో లభించదు.

మరొక ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. దానిని దాటవేయడం ధర్మం కాదు. ఈ పాత్రలకు వెల చెల్లించినది ఎవరు? సాలార్‌జంగ్ జాగీరు తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాలలో వ్యాపించి ఉండేది. నేటి కర్ణాటకలోని కొప్పళ ప్రాంతం కూడ అందులోనిదే. ఆ గ్రామాలలో జొన్న, ప్రత్తి పండించిన రైతు చెల్లించిన శిస్తే దివాన్ దేవిడీలో సెవర్ పళ్ళెంగా, డ్రెస్డెన్ బొమ్మగా రూపం దాల్చింది. ఆ రైతు ఇంటిలో మట్టి మూకుడులో అంబలి ఉండేది. వర్షాధారపు పొలాలనూ, కరవుకాటకాలనూ ఎరిగిన మన పశ్చిమ ప్రకాశం వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నవాబుగారు సౌమ్యులు, రసజ్ఞులు, కవిపండిత పోషకులు. ఇందులో సందేహం లేదు. కాని సౌమ్యుడైన ప్రభువు చేసిన ఖర్చు కూడా ప్రజల చెమట నుండియే వస్తుంది. కనుక ఆయన సేకరణ విలువను కట్టేటప్పుడు దాని వెనుక ఉన్న ఈ ఋణాన్ని కూడ లెక్కలో వేయాలి. ఆ ఋణం తీరినదా లేదా అన్నదే ఆయన జీవితకథలో అసలైన ప్రశ్న.

ఆయన అంతిమదినాలలో ఆయన ఎరిగిన ప్రపంచమంతా తలక్రిందులైంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. సంస్థానపు స్వతంత్ర ప్రతిపత్తి ముగిసింది. 1949 మార్చి 2వ తేదీన మూడవ సాలార్‌జంగ్ దివాన్ దేవిడీలోని అసంఖ్యాక వస్తువులను అట్లే వదలి, అరువదేండ్లు నిండకుండానే కన్నుమూశారు. దాయరా మీర్ మోమిన్‌లో పెద్దల సమాధుల సరసన ఆయనను ఖననం చేశారు. మరి అయిదు నెలలకు, ఆగస్టులో, జాగీరుల రద్దు శాసనం వెలువడింది. ఆయన బ్రతికి ఉన్నట్లయితే ఆ శాసనం తన గడపలోకి రావడం కన్నులారా చూచేవారు. పుత్రసంతానం లేదు, రాజ్యం లేదు, జాగీరు లేదు. మిగిలినది వస్తువుల రాశి మాత్రమే. అది దాయాదుల మధ్య పంపకమై, వేలంపాటలలో ముక్కలై, ఏ దేశపు ఏ అంగడికో చేరిపోయే ప్రమాదం ఎంతో సమీపంలో నిలిచింది.

ఆ ప్రమాదం తప్పింది. ఎస్టేటు పరిరక్షణకు ఒక సంఘం ఏర్పడింది. అప్పటి ముఖ్య పౌర పాలకులు వెల్లోడిగారు ఈ సంపదను ప్రదర్శనశాలగా మార్చాలనే ఆలోచనకు ప్రోద్బలమిచ్చారు. వస్తువులను క్రమపరచే బాధ్యతను డాక్టరు జేమ్స్ కజిన్స్ స్వీకరించారు. ఈ ఐర్లండు కవి మన రాయలసీమకు పరాయివారు కారు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షులుగా ఉండి, 1919లో రవీంద్రులకు అక్కడ ఆతిథ్యమిచ్చినవారు. 1951 డిసెంబరు 16వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే సాలార్‌జంగ్ ప్రదర్శనశాలను ప్రారంభించారు. దివాను ప్రభువుల అనుమతి లేనిదే అడుగు మోపరాని వాకిటిలోకి ఆనాటి నుండి సామాన్య ప్రజ నడచి వెళ్ళింది. 1958లో వారసులతో రాజీ కుదిరి వస్తుసంపద భారత ప్రభుత్వ పరమైంది. 1961లో పార్లమెంటు చేసిన చట్టంతో ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందింది. 1968లో మూసీ దక్షిణతీరాన నిర్మించిన క్రొత్త భవనంలోకి సేకరణ తరలింది. తరువాతికాలంలో దానికి ఇరుప్రక్కల మరి రెండు భవనాలు చేరాయి. తాతగారి పేరు పెట్టిన పశ్చిమ భవనంలో ఐరోపా కళాఖండాలు కొలువై ఉన్నాయి. దివాన్ దేవిడీ మాత్రం క్రమక్రమంగా కూల్చివేతకు గురియై, ద్వారాలు తప్ప దాదాపు అదృశ్యమైంది. చీనీఖానా లేదు. రాతిగోడలు కూలిపోయి, చేతినుండి జారితే పగిలే పాత్రలు నిలిచి ఉండడం చిత్రం కాదా?

మన విద్యార్థులు విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళినప్పుడు ఈ ప్రదర్శనశాలలో గంట కొట్టే గడియారం ముందు గుమికూడతారు. ముసుగు రెబెక్కాను చూచి ఆశ్చర్యపడతారు. పింగాణీ గదిని మాత్రం పళ్ళేలు, కప్పులే కదా అని త్వరత్వరగా దాటిపోతారు. అక్కడ కొంచెం నిలువవలసిందని మా సూచన. వస్తువు ముఖాన్ని చూచిన తరువాత దాని కార్ఖానా గుర్తును గూర్చి అడిగి తెలుసుకోవాలి. పింగాణీ వంశవృక్షం పాత్ర అడుగుభాగాన ఉంటుంది. అడ్డంగా పెనవేసిన రెండు నీలి కత్తులు మైసెన్ గుర్తు. ఒకదానినొకటి చుట్టుకొన్న రెండు ఎల్ అక్షరాలు రాజరికపు నాటి సెవర్ గుర్తు. లంగరు చెల్సీకి, డాలు వియన్నాకు గుర్తులు. ఈ గుర్తులకు కూడ దొంగ గుర్తులు పుట్టాయి. కనుక కన్ను ఒక్కటే చాలదు, విచారణ కావాలి. విద్యలో కూడ అంతే కదా! మన మార్కాపురపు పలకరాయి భూమి లోపలి నుండి వచ్చి పిల్లవాని చేతిలో అక్షరానికి ఆధారమైనట్లే, ఎక్కడో సాక్సనీ కొండలలోని తెల్లమట్టి మానవుని ఓర్పు చేత, అగ్ని చేత ఈ రూపం పొందింది. మట్టి ఎక్కడిదైనా మట్టియే. దానికి విలువ తెచ్చినది శ్రమ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఋణం తీరినదా? శిస్తు కట్టిన రైతు ఆ పళ్ళేన్ని కన్నులతో చూడకుండానే గతించాడు. ఆ లోటును ఏ చట్టమూ పూడ్చలేదు. కాని ఆ రైతు మనుమలు, మునిమనుమలు నేడు చిన్నపాటి రుసుము చెల్లించి, ఏ అనుమతిపత్రమూ లేకుండా, ఒకప్పుడు రాజుల బల్లలను అలంకరించిన పాత్రల యెదుట నిలిచి చూస్తున్నారు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు అనే భేదం ఆ గదిలో లేదు. ఆంగ్లేయుల వెడ్జ్‌వుడ్, ఫ్రెంచివారి సెవర్, చీనావారి ఘోరీ పళ్ళెం ఒకే కప్పు క్రింద కలహం లేకుండా ఉన్నాయి. కొన్నవారు వాటిని అమ్మి వ్యసనాలకు ఖర్చు చేసి ఉంటే ఈ పాటి తిరుగుచెల్లింపు కూడ ఉండేది కాదు. తెలిసి చేశారో, తెలియక చేశారో గాని, వారసులు లేని ఆ ప్రభువు దేశప్రజలనందరినీ వారసులను చేశారు. ఋణం పూర్తిగా తీరలేదు, కాని తీరే మార్గంలో పడింది. ఇక మిగిలిన భాగం తీర్చవలసినది చూచేవారు. చూచి తెలుసుకోవడం, తెలుసుకొన్నదానిని కాపాడడం, ఆ బాధ్యత ఇప్పుడు వారిది.

సాలార్‌జంగ్ వంశంలో ఎందరో దివానులైనారు. వారి పదవులు, బిరుదులు, ఫర్మానాలు చరిత్రపుటలకు పరిమితమైనాయి. రెండేండ్లు మాత్రమే దివానుగా ఉండి, పదవి పోయిన పిమ్మట ముప్పది ఐదేండ్లు సహనంతో వస్తువులను చేర్చిన చివరివాని పేరే నేడు బాలబాలికల నోట వినిపిస్తున్నది. పరీక్షలో తప్పినవారికీ, కోరిన పదవి దొరకనివారికీ ఆయన జీవితం ఒక ఊరట. ఒక తలుపు మూసుకొన్న తరువాత ఆయన ఆ తలుపు ముందు కూర్చుండి దుఃఖించలేదు. తనకు తెలిసిన, తనకు ప్రీతియైన పనిని ఎంచుకొని తుదిదాకా విడువలేదు. మన కళాశాలలోని గ్రంథాలయపు పాత ఉర్దూ, తెలుగు పుస్తకాలు, మన ఇండ్లలోని పెద్దల నాటి రికాబీలు, జాడీలు, దస్తావేజులు, పలకలు విలువ లేనివిగా తోచి పారవేయబడుతున్నాయి. వాటిలో ఒక్కదానినైనా ఎవరిదో, ఏనాటిదో అడిగి తెలుసుకొని, ఒక కాగితం మీద వ్రాసి, జాగ్రత్త చేయగలిగితే అదే ఆ నవాబుకు మన నివాళి. అందుకు జాగీరు అవసరం లేదు, శ్రద్ధ ఉంటే చాలు.